మంగళగిరిలో రెండు రోజులు: వేళ చూసుకొని తిరిగే పద్ధతి

విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే దారిలో, కృష్ణ వారధి దాటి తాడేపల్లి మీదుగా పోతుంటే, ఏనుగు పడుకున్నట్టున్న ఒక కొండా, దాని ముందు సన్నగా నిటారుగా లేచిన తెల్లటి గోపురమూ కనిపిస్తాయి. చాలామందికి మంగళగిరి అంటే బస్సు కిటికీలోంచి కనిపించే ఈ దృశ్యమే. దిగి చూసేవారు కూడా కొండ మీద పానకం తాగి, కింద రెండు చీరలు కొనుక్కుని, రెండు గంటల్లో వెనక్కి బయలుదేరుతారు. విజయవాడకు పన్నెండు పదమూడు కిలోమీటర్లు, గుంటూరుకు సుమారు 20 కిలోమీటర్లు దూరంలో ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ రాత్రి ఉండవలసిన అవసరం ఏముందని అనుకోవడం సహజం. పైగా 2021లో తాడేపల్లితో కలిపి నగరపాలక సంస్థగా చేసిన తర్వాత, ఒకవైపు ఎయిమ్స్, మరొకవైపు రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయం, వాటి చుట్టూ అపార్ట్‌మెంట్లు వచ్చి, పైకి చూస్తే ఇది విజయవాడకు పొడిగింపుగా పెరిగిన శివారు నగరంలాగే ఉంటుంది.

అయితే జాతీయ రహదారి వదిలి పాత ఊళ్లోకి అడుగుపెట్టగానే ఈ లెక్క మారిపోతుంది. ఇక్కడ ప్రతిదానికీ ఒక వేళ ఉంది. కొండ మీది పానకాల స్వామి మధ్యాహ్నం దాటిన తర్వాత మనుషులకు దర్శనమివ్వడు. మగ్గం చప్పుడు వినాలంటే పగటిపూట నేతవారి వీధులకు వెళ్లాలి. ఉండవల్లి గుహలకు సాయంత్రం తలుపు పడుతుంది. నది ఒడ్డు మాత్రం ఆ తర్వాతే బాగుంటుంది. ఈ వేళలను ఒకదాని వెనుక ఒకటిగా అమర్చుకోగలిగితే శని, ఆదివారాలు రెండూ హడావిడి లేకుండా గడుస్తాయి. అమర్చుకోకపోతే ఎంతసేపు తిరిగినా మూసిన తలుపులే కనిపిస్తాయి. మొదటిసారి నేను సాయంత్రం చల్లబడ్డాక మెట్లెక్కుదామని నాలుగు గంటలకు కొండ కిందికి చేరుకొని, దిగివస్తున్న పూల బుట్టల వారిని చూసి వెనుదిరిగాను. ఈ వ్యాసంలోని క్రమమంతా ఆ అనుభవం తర్వాత కుదుర్చుకున్నదే.

ఎప్పుడు రావాలి, ఎక్కడ దిగాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉన్న నెలలు అన్నింటికన్నా అనుకూలం. కృష్ణా తీరపు ఎండ సంగతి తెలిసినవారికి ఏప్రిల్, మే నెలల గురించి వేరుగా చెప్పనక్కరలేదు. చెప్పులు లేకుండా రాతి మెట్లెక్కవలసిన చోట ఉదయం తొమ్మిది దాటితే అరికాళ్లు కాలతాయి. వర్షాకాలంలో కొండ పచ్చగా కనువిందు చేస్తుంది గానీ గుంట మగ్గాల్లోకి తేమ ఎక్కి నేత పని మందగిస్తుంది కాబట్టి, నేత చూడాలన్న ఉద్దేశంతో వచ్చేవారు ముసురు రోజులను తప్పించుకోవడం మేలు.

ఫాల్గుణ మాసంలో బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. శుద్ధ చతుర్దశి రాత్రి స్వామివారి కల్యాణం, మర్నాడు పున్నమి నాడు రథోత్సవం. ఆ రెండు రోజులూ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఇక్కడే ఉంటాయి. వీధిలో నిలబడే చోటు కూడా దొరకదు. తిరునాళ్ల కోసమే వచ్చేవారికి అంతకన్నా మంచి రోజు లేదు. నెమ్మదిగా ఊరు చూడాలనుకున్నవారు ఆ వారాన్ని వదిలేయాలి. రెండింటినీ ఒకే ప్రయాణంలో సాధించాలని చూస్తే రెండూ దక్కవు.

విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచి సిటీ బస్సులు, గుంటూరు బస్సులు తరచుగా ఉంటాయి. గుంటూరు బస్సు ఎక్కేటప్పుడు అది ఊళ్లోకి వెళుతుందా, బైపాస్ మీదుగా పోతుందా అని కండక్టరును ముందే అడగండి. నాన్‌స్టాప్ అని రాసి ఉన్నవి ఆపవు. మంగళగిరికి రైల్వే స్టేషను ఉంది. విజయవాడ, గుంటూరుల మధ్య నడిచే ప్యాసింజరు బండ్లు ఆగుతాయి. దూర ప్రాంతాల నుంచి వచ్చేవారు విజయవాడ జంక్షనులో దిగి బస్సు పట్టుకోవడమే సులభం. విమానంలో వచ్చేవారు గన్నవరంలో దిగి విజయవాడ మీదుగానే రావాలి.

బస విషయంలో నా సలహా ఒక్కటే: శుక్రవారం రాత్రికే మంగళగిరి చేరుకొని ఊళ్లోనే ఉండండి. సత్రాలు, సాధారణ లాడ్జీలు ఉన్నాయి. రహదారి పక్కన కొంచెం ఖరీదైన హోటళ్లూ వచ్చాయి. విజయవాడలో దిగితే సౌకర్యం ఎక్కువ, కానీ శనివారం తెల్లవారుజామున కొండ కింద ఉండవలసిన సమయానికి మీరు ఇంకా బస్సు కోసం ఎదురుచూస్తుంటారు.

శనివారం ఉదయం: కొండ

మంగళగిరిలో నరసింహస్వాములు ముగ్గురు. కొండ కింద ఊళ్లో లక్ష్మీనరసింహస్వామి, కొండ నడుమ పానకాల నరసింహస్వామి, కొండ కొసన గండాల నరసింహస్వామి. చాలామంది కింద గుడి చూసుకొని పైకి వెళతారు. అది తిరగేయండి. కింద గుడి సాయంత్రం కూడా తెరిచి ఉంటుంది, పైది ఉండదు.

పైకి మెట్ల దారి, వాహనాలకు ఘాట్ రోడ్డు రెండూ ఉన్నాయి. చన్నాప్రగడ బలరామదాసు అనే భక్తుడు 1890లో ఈ మెట్లు కట్టించాడు. ఒంట్లో ఓపిక ఉన్నవారు ఆరు, ఆరున్నరకల్లా మెట్లెక్కడం మొదలుపెడితే ఎండ రాకముందే గుడికి చేరుకుంటారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని తీసుకువెళ్లేటప్పుడు ఎక్కడం కన్నా దిగడమే కష్టమని గుర్తుంచుకొని, రెండు వైపులా ఆటోలోనో కారులోనో ఘాట్ రోడ్డు మీదుగా తీసుకువెళ్లాలి. ఆటో మాట్లాడేటప్పుడు పైన ఎంతసేపు ఆగాలో కూడా కలిపి బేరం కుదుర్చుకోండి. లేకపోతే దిగేటప్పుడు మాట మారుతుంది. కోతులు ఉన్నాయి. చేతిలో కొబ్బరి చిప్ప, అరటిపండు, ప్లాస్టిక్ సంచి కనబడేలా పట్టుకోకూడదు. కళ్లద్దాలు పెట్టుకునేవారు కూడా కొంచెం జాగ్రత్తగా ఉండాలి.

పానకాల స్వామికి విగ్రహం లేదు. కొండ గోడలో తెరిచిన నోరులాంటి రంధ్రం ఉంది, దానికి లోహపు ముఖాన్ని తొడిగారు. బెల్లం పానకం తెచ్చినవారి పేరు మీద అర్చకులు ఆ నోట్లో పానకం పోస్తారు. కొంతసేపు గుటక వేస్తున్నట్టు చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు ఆగి పానకం పైకి తన్నుకు రావడంతో స్వామి సగం తాగి సగం మనకు వదిలాడని, మిగిలినదాన్ని ప్రసాదంగా ఇస్తారు. బిందెడు పోసినా చెంబెడు పోసినా స్వామి తీసుకునేది సగమేనని భక్తుల విశ్వాసం. ఇంత బెల్లం పారే చోట చీమ కనిపించదని కూడా చెబుతారు. నమ్మేవారూ నమ్మనివారూ ఇద్దరూ అక్కడ నేల వైపు వంగి వెతకడం మాత్రం నేను ప్రతిసారీ చూస్తాను.

దీని వెనుక కథ ఇది. నముచి అనే రాక్షసుణ్ణి సంహరించిన తర్వాత ఉగ్రరూపంలో ఉన్న స్వామిని చల్లబరచడానికి దేవతలు అమృతం ఇచ్చారు. కృతయుగంలో అమృతం, త్రేతాయుగంలో నెయ్యి, ద్వాపరంలో పాలు, కలియుగంలో పానకం స్వామికి తృప్తి కలిగిస్తాయని స్థలపురాణం. ఈ కొండ ఒకప్పటి అగ్నిపర్వతమని, లోపలి గంధకం రగలకుండా పెద్దలు బెల్లం నీళ్లు పోయించే ఏర్పాటు చేశారని ఇంకొక వివరణ ఈమధ్య బాగా ప్రచారంలోకి వచ్చింది. నాకైతే పురాణం చెప్పే నెయ్యీ పాలే ఎక్కువ రుచిస్తాయి. తూర్పు కనుమల ఈ కొండలకు అగ్నిపర్వతంతో పని లేదు.

మధ్యాహ్నం తర్వాత గుడి మూసేయడానికీ ఒక కారణం చెబుతారు. పగలు మనుషులది, రాత్రి దేవతలది. దేవతలు వచ్చి పూజించుకునే వేళకు మనుషులు దిగిపోవాలి. పండుగ రోజుల్లో, సెలవు రోజుల్లో వేళల్లో మార్పు ఉండవచ్చు కాబట్టి ముందురోజు రాత్రే కింద గుడిలో అడిగి తెలుసుకోవాలి. శని, ఆదివారాల్లో ఎనిమిది దాటితే వరుస పొడవవుతుంది.

ప్రసాదం పానకం ఇంటికి తీసుకువెళ్లాలనుకునేవారు మూత గట్టిగా ఉన్న సీసా వెంట తెచ్చుకోవాలి. బెల్లం నీరు కనుక ఎండలో తిరిగితే సాయంత్రానికి పులిసిపోతుంది. ఆ పూటే తాగేయాలి, లేదా బసకు చేరగానే చల్లటి చోట పెట్టాలి. చక్కెర వ్యాధి ఉన్నవారు తీర్థంలా ఒక చుక్క తీసుకుంటే చాలు.

గుడి వెనుక రాజ్యలక్ష్మి అమ్మవారి ఆలయం, దాని పక్కన ఒక గుహ ముఖం ఉన్నాయి. పూర్వం ఋషులు ఈ సొరంగం గుండా ఉండవల్లి దాకా నడిచి కృష్ణలో స్నానం చేసి వచ్చేవారని చెబుతారు. ఇప్పుడు లోపలికి వెళ్లే వీలు లేదు. ఆ కథను గుర్తుపెట్టుకుంటే చాలు, రేపు మనం ఋషుల గమ్యానికే రోడ్డు మీదుగా వెళతాం.

ఇంకా ఓపిక ఉంటే కొండ కొసన ఉన్న గండాల స్వామి దగ్గరకు ఎక్కవచ్చు. అక్కడ విగ్రహమూ లేదు, గుడి అనదగ్గ కట్టడమూ లేదు, దీపం పెట్టే చోటు మాత్రమే ఉంది. గండం గడిస్తే దీపం పెడతామని మొక్కుకున్నవారు నెయ్యి తెచ్చి వెలిగిస్తారు. ఆ వెలుగు చుట్టుపక్కల ఊళ్లకు కనిపిస్తుంది. ఇది అందరూ ఎక్కవలసిన చోటు కాదు. పిల్లలతో, ఎండలో అసలు వద్దు.

పదకొండు అంతస్తుల గాలిగోపురం

కొండ దిగి, పలహారం చేసి, ఊళ్లోని లక్ష్మీనరసింహస్వామి గుడికి వెళ్లండి. గర్భగుడి తలుపులు మధ్యాహ్నం మూసినా, గోపురాన్ని చూడటానికి తలుపులతో పని లేదు. 1807-09 మధ్య రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన ఈ గోపురానికి పదకొండు అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. అడుగున వెడల్పు 49 అడుగులే. ఎత్తుకూ వెడల్పుకూ ఉన్న ఈ నిష్పత్తి వల్లనే అది దూరం నుంచి ఒంటరి స్తంభంలా కనిపిస్తుంది. గుమ్మం ముందు నిలబడి మెడ వంచి చూస్తే ఈ సంగతి తెలియదు. ఎదురుగా ఉన్న వీధిలో వీలైనంత దూరం వెనక్కి నడిచి, ఒకసారి కొండను కూడా కలుపుకొని చూడాలి. కొండ బరువుగా అడ్డంగా పరుచుకొని ఉండటం, గోపురం దాని ముందు సన్నగా నిలబడటం రెండూ కలిస్తేనే కట్టినవారి ఉద్దేశం అర్థమవుతుంది.

కట్టడం పూర్తయ్యాక గోపురం ఒకవైపు ఒరిగిందని, కంచి నుంచి వచ్చిన శిల్పులు ఎదురుగా కోనేరు తవ్వించమని చెప్పారని, తవ్వాక నిలువుగా సర్దుకుందని ఊళ్లో చెప్పుకుంటారు. ఇంజనీరు స్నేహితులెవరైనా పక్కన ఉంటే ఈ కథ ఎత్తండి, గంటసేపు కాలక్షేపం అవుతుంది.

వెంకటాద్రి నాయుడు పేరు రేపు అమరావతిలో కూడా వినబడుతుంది కాబట్టి ఆయన గురించి ఒక మాట. దోపిడీలు చేస్తున్నారన్న కోపంతో ఆయన చెంచులను భోజనానికి పిలిచి చంపించాడని, ఆ పాపం వెంటాడి అన్నం ముట్టుకోలేని స్థితి వచ్చిందని, ప్రాయశ్చిత్తంగానే గుళ్లు, గోపురాలు కట్టించాడని ఈ ప్రాంతంలో గాథ ఉంది. ఆ ఘటన జరిగిన ఊరి పేరు నరుకుళ్లపాడు అయిందని కూడా అంటారు. నరసింహుణ్ణి చెంచులక్ష్మి పెళ్లాడిన కథ ప్రతి ఏటా కల్యాణంలో తలచుకునే ఊళ్లో, చెంచుల ఉసురు తగిలిన రాజు గోపురం కట్టించాడన్న ఈ గాథను విన్న తర్వాత ఆ తెల్లటి కట్టడాన్ని మునుపటిలా చూడలేం.

శాసనాల మీద ఆసక్తి ఉన్నవారు విజయనగర కాలపు రాతి శాసనాన్ని అడిగి చూడాలి. 1515లో కృష్ణదేవరాయల కోసం మంత్రి తిమ్మరుసు కొండవీటి కోటను పట్టుకున్న సంగతి మంగళగిరి శాసనం వల్ల కూడా మనకు తెలిసింది.

శనివారం మధ్యాహ్నం: మగ్గాల వీధులు

భోజనం చేసి ఎండ తగ్గేవరకు గంటసేపు విశ్రాంతి తీసుకొని మూడు గంటల ప్రాంతంలో నేతవారి వీధులకు వెళ్లండి. నన్నడిగితే మంగళగిరిలో ఎక్కువ సమయం ఇవ్వవలసినది ఇక్కడే. కొట్లలో చీరలు ఎక్కడైనా కొనవచ్చు, హైదరాబాదులోనూ దొరుకుతాయి. మగ్గం మీద అవి పుట్టడం చూసే అవకాశం ఇక్కడే ఉంది.

మగ్గాలు ఉండేది ఇళ్లలోనే. ప్రదర్శన కోసం పెట్టినవి కావు. అందుచేత గుమ్మం ముందు ఆగి, పెద్దవారిని పలకరించి, చూడవచ్చునా అని అడిగి, రమ్మంటేనే లోపలికి వెళ్లాలి. "అమ్మా, మగ్గం ఒకసారి చూసి వెళతాం" అంటే కాదనేవారు తక్కువ. చెప్పులు బయట విడవాలి. నేసేవారి ఫోటో తీసే ముందు మళ్లీ ఒకసారి అడగాలి. పోగు మీద చేయి వేయకూడదు. పిల్లలను వెంట తీసుకువెళితే ఈ మాట ఇంటి దగ్గరే చెప్పి బయలుదేరండి. తెగిన పడుగు పోగును, అంటే మగ్గం మీది నిలువు పోగును, వెతికి ముడి వేయడానికి పట్టే సమయమంతా ఆ నేతగాడి కూలిలోంచే పోతుంది.

ఇక్కడి మగ్గం గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్లు దించి, నేల మట్టాన కూర్చొని నేస్తారు. గుంటలోని పాదాలు తొక్కుడు బద్దలను మార్చి మార్చి నొక్కుతుంటే పడుగు రెండు పొరలుగా విడిపోతుంది, ఆ సందులోంచి పేక అనే అడ్డ పోగును మోస్తూ నాడె అటు నుంచి ఇటు పరుగెడుతుంది, దువ్వెనలాంటి అచ్చు ఆ పోగును ముందుకు కొడుతుంది. కాలు, చేయి, నాడె మూడూ ఒకే లయలో ఉండాలి. రెండు నిమిషాలు చూడగానే అర్థమైనట్టే ఉంటుంది. పది నిమిషాలు నిలబడితేనే ఆ లయ ఎక్కడ మారుతుందో, అంచు దగ్గర చేయి ఎలా నెమ్మదిస్తుందో కంటికి ఆనుతుంది. నేల దగ్గరి తేమ పోగును తేలిగ్గా తెగనివ్వదని గుంట వల్ల ఉన్న ప్రయోజనం గురించి నేతవారు చెబుతారు.

మగ్గం ఒక్కటే చూసి రావద్దు. నూలు చిలపలను ఉడికించడం, రంగు వేసి ఆరబెట్టడం, రాట్నం మీద కండెలు చుట్టడం, ఆసు పోయడం అంటే పోగులను పడుగుగా వరుసలో అమర్చడం, ఆ పడుగుకు గంజి పట్టించి సాపు చేయడం, ఇవన్నీ చీర వెనుక ఉన్న పనులు. వీటిలో చాలావాటిని ఇంటి ఆడవారు చేస్తారు. చీర ధర గురించి అడిగేటప్పుడు నేత రోజులే లెక్కవేస్తాం గానీ, మగ్గం ఎక్కకముందే ఇన్ని చేతులు మారిన సంగతి లెక్కలోకి రాదు.

మంగళగిరి నేతకు 2012-13లో భౌగోళిక గుర్తింపు లభించింది. దీని ప్రత్యేకత నిండుగా, సందు లేకుండా నేసిన నూలు గుడ్డ, దానికి నిజాం అంచు. నిజాం అంచు అంటే చిన్న చిన్న గోపురాల వరుసలా కనిపించే జరీ అంచు. సంప్రదాయం ప్రకారం చీర ఒంటి మీద బుటాలు ఉండవు. ఉంటే గీతలు, గళ్లు ఉంటాయి, లేదా ఏమీ లేని ఒకే రంగు. కొంగుకు జరీ గీతలు ఉంటాయి. ఇప్పుడు పట్టు కలిపినవీ, బుటాలు వేసినవీ, డ్రెస్ మెటీరియల్ పేరుతో మీటర్ల లెక్కన అమ్మేవీ వచ్చాయి. వాటిలో తప్పేమీ లేదు. కానీ మొదటిసారి కొనేవారు సాదా నూలు చీర, నిజాం అంచు ఉన్నదే కొంటే ఈ ఊరి చేతి పని ఏమిటో ప్రతిసారీ కట్టుకున్నప్పుడు తెలుస్తుంది.

కొనేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. నూలు సన్నదనాన్ని కౌంటుతో చెబుతారు. కౌంటు సంఖ్య పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది కాబట్టి 80 కన్నా 100 కౌంటు మెత్తగా, తేలిగ్గా ఉంటుంది, ధర కూడా ఎక్కువ. చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి, చేనేతలో పోగుల మధ్య అతి స్వల్పమైన హెచ్చుతగ్గులు కనిపిస్తాయి. మరమగ్గం గుడ్డ అచ్చు పోసినట్టు ఒకేలా ఉంటుంది. నేసేటప్పుడు గుడ్డ ముడుచుకోకుండా రెండు అంచులకూ మేకులున్న బద్దను గుచ్చి బిగిస్తారు, అందువల్ల చేనేత గుడ్డ కొసల వెంబడి సూది మొనంత రంధ్రాలు వరుసగా ఉంటాయి. చేనేత గుర్తు ఉన్న చీటీ కూడా చూడాలి. వీటన్నింటికన్నా మంచి పరీక్ష ఇందాక మగ్గం మీద చేతితో తాకనివ్వకపోయినా కంటితో చూసిన గుడ్డతో పోల్చుకోవడం. అందుకే ముందు మగ్గాలు, తర్వాత కొట్లు అని చెబుతున్నాను.

ఎక్కడ కొనాలి అన్న ప్రశ్నకు మూడు సమాధానాలు ఉన్నాయి: సహకార సంఘాల దుకాణాలు, ప్రధాన వీధిలోని పెద్ద కొట్లు, నేతవారి ఇళ్లు. మొదటిదాంట్లో ధర స్థిరం, నాణ్యతకు హామీ ఉంటుంది. రెండోదాంట్లో రకాలు ఎక్కువ, బేరానికి కొంత అవకాశం ఉంటుంది. మూడోదాంట్లో అన్నిసార్లూ అమ్మకానికి చీర ఉండదు, ఎందుకంటే చాలామంది మాస్టర్ వీవరు ఇచ్చిన నూలుతో కూలికి నేస్తారు, మగ్గం మీది చీర వారి సొంతం కాదు. ఉంటే మాత్రం అక్కడ గీసి గీసి బేరం చేయడం నాకు నచ్చని పని.

కొన్న నూలు చీరను మొదటిసారి చల్లటి నీళ్లలో విడిగా ఉతికి, నీడలో ఆరేయాలి. రంగు కొంచెం దిగవచ్చు.

చీకటి పడేవేళకు లక్ష్మీనరసింహస్వామి గుడికి మళ్లీ వెళ్లండి. ఇప్పుడు దర్శనం ఉంటుంది, పగటి వేడి తగ్గిన రాతి నేల మీద కూర్చోవడానికీ బాగుంటుంది. రాత్రి భోజనానికి ఊళ్లోని మామూలు హోటళ్లు చాలు. గుంటూరు మిరపకాయ పొరుగునే ఉంది కనుక పచ్చడి వేసుకునే ముందు కొంచెం రుచి చూసుకోవాలి.

ఆదివారం ఉదయం: ఉండవల్లి

పది కిలోమీటర్లలోపు దూరమే. ఆటోలో వెళ్లవచ్చు. విజయవాడ వైపు వెళ్లే బస్సెక్కి దిగి, అక్కడి నుంచి షేర్ ఆటో పట్టుకోవచ్చు. తెరిచిన వెంటనే వెళ్లేలా చూసుకోండి, ఆదివారం పదకొండు తర్వాత కుటుంబాలు, కళాశాల విద్యార్థుల బృందాలు వస్తాయి. కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న స్థలం కాబట్టి టికెట్టు ఉంటుంది.

కొండ ముఖాన్ని పై నుంచి కిందికి తొలిచి నాలుగు అంతస్తుల భవనంగా మార్చిన కట్టడం ఇది. క్రీస్తు శకం నాలుగైదు శతాబ్దాల నాటిదని, విష్ణుకుండిన రాజులకు సంబంధించినదని సాధారణంగా చెబుతారు. అందరూ నేరుగా పై అంతస్తులోని అనంతశయన విష్ణువు దగ్గరికి పరుగెడతారు. ఏకశిలలో మలిచిన సుమారు 5 మీటర్ల ఆ విగ్రహం చూడవలసినదే. చీకట్లోకి వెళ్లగానే ఏమీ కనిపించదు కాబట్టి కళ్లు అలవాటుపడే వరకు ఒక నిమిషం ఊరికే నిలబడండి. పాదాల వైపు నుంచి తల వైపుకు నెమ్మదిగా నడిస్తే ఆ నిడివి ఒంటికి తెలుస్తుంది.

అయితే నాకు ఈ గుహల్లో ఎక్కువ నచ్చేవి పూర్తికాని భాగాలు. కొన్ని చోట్ల స్తంభం సగం చతురస్రంగా వచ్చి ఆగిపోయింది, కొన్ని చోట్ల గోడ ఇంకా గరుకుగానే ఉంది. ఎక్కడ మొదలుపెట్టి ఎంత లోతుకు తొలిచేవారో, నునుపు చేసే పని ఎప్పుడు మొదలయ్యేదో ఇవి పాఠంలా చూపిస్తాయి. పూర్తయిన శిల్పం ఆ పని గుట్టు చెప్పదు. బయట వసారా చివరన కూర్చుని పొలాల వైపు చూస్తున్న ఋషుల బొమ్మలు, సింహాలు ఉన్నాయి. నిన్న మంగళగిరి కొండ మీద విన్న సొరంగం కథలోని ఋషులు ఇక్కడికి చేరి అలసి కూర్చున్నట్టే ఉంటారు.

ఇక్కడి నుంచి రెండు దారులు

మధ్యాహ్నం నుంచి మీ ఓపికను బట్టి నిర్ణయించుకోవాలి. పిల్లలు, పెద్దవారు వెంట ఉంటే సీతానగరం వైపు వచ్చి, భోజనం చేసి, ఎండ తగ్గాక ప్రకాశం బ్యారేజీ దగ్గర సాయంత్రం గడపండి. 1850లలో కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగిపోవడంతో దాని స్థానంలో కట్టి 1957లో పూర్తిచేసిన ఈ బ్యారేజీ 1,223 మీటర్ల పొడవుంటుంది. గుంటూరు, కృష్ణా డెల్టా పొలాలకు కాలువలు చీలేది దీని ఎగువ నుంచే. సీతానగరం ఒడ్డు నుంచి చూస్తే, దీపాలు వెలిగే వేళకు ఎదుటి ఒడ్డున ఇంద్రకీలాద్రి, దాని నీడ నీళ్లలో, ఆ మధ్యలో గేట్ల వరుస కనిపిస్తాయి. ఈ దృశ్యం విజయవాడ ఒడ్డున నిలబడిన వారికి దొరకదు, ఎందుకంటే వారు ఆ కొండ కిందే ఉంటారు. నదిలో దిగవద్దు. గేట్లు ఎత్తిన రోజుల్లో ఒడ్డు దగ్గరకు కూడా వెళ్లకూడదు.

రెండో దారి చరిత్ర మీద ఇష్టం ఉన్నవారిది: కరకట్ట వైపు నుంచి అమరావతి ఊరికి వెళ్లడం. 30 కిలోమీటర్ల పైమాటే, రానూపోనూ వాహనం మాట్లాడుకోవాలి. కొత్త రాజధాని ప్రాంతంలోని వెలగపూడి, నేలపాడు దారిలోనే వస్తాయి, సచివాలయం, హైకోర్టు బయటి నుంచి కనిపిస్తాయి. పాత అమరావతిలో అమరలింగేశ్వరస్వామి గుడి, మహాచైత్యం అనే ప్రాచీన బౌద్ధ స్తూపం ఆనవాళ్లు, పురావస్తు మ్యూజియం ఒకదానికొకటి దగ్గర్లోనే ఉన్నాయి. మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచే ఉంటుంది.

మహాచైత్యం దగ్గర ఇప్పుడు మిగిలినది గుండ్రటి పునాది, కొన్ని పలకలు మాత్రమే. నిన్నటి గోపురం కట్టించిన వెంకటాద్రి నాయుడే చింతపల్లి నుంచి ఇక్కడికి రాజధాని మార్చి కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు, ఇటుకలు, రాళ్ల కోసం స్తూపాన్ని కప్పిన దీపాలదిన్నె అనే దిబ్బను తవ్వించాడు. ఆ తవ్వకంలో చెక్కిన సున్నపురాతి పలకలు బయటపడ్డాయన్న కబురు విని 1797లో ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. తర్వాత ఆ శిల్పాల్లో చాలా భాగం లండన్ బ్రిటిష్ మ్యూజియానికి, చెన్నై ప్రభుత్వ మ్యూజియానికి చేరాయి. ఇక్కడి మ్యూజియంలో ఉన్నవాటిని తొందరపడకుండా గంటసేపైనా చూడండి. ఒక పలక మీద స్తూపం ఎలా ఉండేదో స్తూపం బొమ్మగానే చెక్కి ఉంటుంది. ముందు దాన్ని చూసి బయటికి వచ్చి ఆ ఖాళీ పునాది ముందు నిలబడితే, లేని కట్టడాన్ని ఊహించుకోవడం సులభమవుతుంది. ముందే పునాది దగ్గరికి వెళితే గడ్డి, ఇటుక తప్ప ఏమీ తోచదు.

తిరుగు ప్రయాణానికి చీకటి పడకముందే బయలుదేరాలి. నది వెంబడి దారిలో కొన్ని చోట్ల దీపాలు తక్కువ, మలుపులు ఎక్కువ. ఆదివారం రాత్రి ఏడు, తొమ్మిది గంటల మధ్య వారధి మీద విజయవాడ వైపు వాహనాలు బారులు తీరుతాయి కాబట్టి, రాత్రి రైలు ఉన్నవారు స్టేషనుకు మామూలుగా పట్టే సమయానికి ముప్పావు గంట కలుపుకొని లెక్కవేసుకోండి.